పండగ తర్వాత తూకం



సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు మళ్లీ స్కూలు బాట పట్టిన రోజున, మన ఇళ్లలో చాలాచోట్ల చాటుగా ఒక పని జరుగుతుంది. ఇల్లు ఖాళీ అయ్యాక, మంచం కింద ఉన్న వెయింగ్ మెషిన్‌ని కాలితో ముందుకు లాగి ఇల్లాలు దాని మీదికి ఎక్కుతుంది. ఎక్కేముందు చేతిగాజులు తీసి పక్కన పెడుతుంది. అంకె చూసి దిగుతుంది. నేల ఎగుడుదిగుడుగా ఉందేమోనని మిషన్‌ని పక్క బండ మీదికి జరిపి మళ్లీ ఎక్కుతుంది. అదే అంకె. భోగికి ముందు చూసుకున్నదానికంటే రెండు కిలోలు ఎక్కువ.

ఇక అక్కణ్ణుంచి తిట్ల దండకం మొదలవుతుంది. పైకి వినబడదు, అంతా లోపలే. 'నోటి మీద అదుపు లేనిదాన్ని. రెండు నెలల కష్టం మూడు రోజుల్లో బూడిదలో పోసుకున్నాను. నా వల్ల కాదు, నా బతుకింతే.'

పోషకాహార సలహాలు ఇవ్వడం నా పని. ఈ మాటలు ఎన్నో గొంతుల్లో విన్నాను. ఆడవాళ్లవే కాదు, మగవాళ్లవీ. ఇవే మాటలు వాళ్లు పక్కింటి మనిషిని అనరు. అనాలన్న ఆలోచన కూడా రాదు. పక్కింటావిడ వచ్చి 'పండక్కి రెండు కిలోలు పెరిగానండీ' అంటే, 'పండగన్నాక తినమా ఏంటి, మళ్లీ తగ్గుతారులెండి' అని కాఫీ ఇచ్చి కూర్చోబెడతాం. ఆ మర్యాద మనకు మనం ఇచ్చుకోం. నేను చెప్పదలచుకున్నది దాని గురించే. బరువు తగ్గే ప్రయత్నంలో ఒకరోజు, ఒక వారం, ఒక్కోసారి ఏడాది కూడా పట్టు తప్పుతుంది. తప్పినందువల్ల జరిగే నష్టం కంటే, తప్పాక మనల్ని మనం తిట్టుకోవడం వల్ల జరిగే నష్టం పెద్దదని నా గట్టి నమ్మకం. దానికి ఆధారాలూ ఉన్నాయి.

ముందు ఆ రెండు కిలోల లెక్క తేల్చుకుందాం.

ఒంట్లో ఒక కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 కేలరీలు. రెండు కిలోల కొవ్వు కొత్తగా చేరాలంటే, ఒంటికి ఖర్చయ్యేది పోను 15,400 కేలరీలు మిగలాలి. మూడు రోజులకు పంచితే రోజుకు ఐదు వేల పైమాటే. పెద్ద అరిసె ఒక్కోదానికి 200 కేలరీలు వేసుకున్నా, మామూలు భోజనమంతా చేశాక దాని పైన రోజుకు పాతిక అరిసెలు తినాలి. మూడు రోజులూ తినాలి. ఎవరి వల్ల అవుతుంది?

మరి మిషన్ తప్పు చూపించిందా అంటే, లేదు. అది కొవ్వును కాదు, మొత్తం మనిషిని తూచింది. అన్నం, బెల్లం, పిండివంటలు ఎక్కువ తిన్నప్పుడు శరీరం అందులో కొంత భాగాన్ని గ్లైకోజన్ రూపంలో కండరాల్లో, కాలేయంలో దాచుకుంటుంది. ఒక గ్రాము గ్లైకోజన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. దానికి తోడు ఉప్పు. జంతికలు, సకినాలు, పులిహోర, ఆవకాయ, కనుమ నాటి మాంసం కూర... ఈ మూడు రోజుల్లో ఒంట్లోకి వెళ్లే ఉప్పు రోజూ వెళ్లేదానికంటే బాగా ఎక్కువ. ఉప్పు ఎక్కువైతే ఒళ్లు నీరు పడుతుంది. తిన్నది ఇంకా పేగుల్లో ఉన్న బరువు వేరు. ఆడవాళ్లకు నెలసరి దగ్గరపడిన రోజులైతే ఆ నీరు ఇంకొంచెం. అన్నీ కలిసి రెండు కిలోలు. అందులో అసలు కొవ్వు కొద్దిగా ఉంటే ఉంటుంది, లేదనను. నాలుగైదు రోజులు మామూలు తిండికి వస్తే ఆ నీళ్ల బరువు దానంతటదే దిగిపోతుంది.

ఈ లెక్క తెలియక బాధపడినవాళ్లు చాలామంది ఉన్నారు. కొన్నేళ్ల క్రితం మన రెండు రాష్ట్రాల్లో అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె, నిమ్మరసం, సూపులతో గడిపే డైట్ ఊరూరా పాకింది. మొదటి వారంలోనే మూడు నాలుగు కిలోలు తగ్గామని సంబరపడ్డారు. ఆ వారంలో పోయినదాంట్లో ఎక్కువ భాగం నీరే. పెళ్లిలో ఒక పూట అన్నం తినేసరికి ఆ నీరు తిరిగి వచ్చింది. 'నాలుగు ముద్దలు తింటే కిలో పెరిగాను, నా ఒళ్లే పాడు ఒళ్లు' అని కుమిలిపోయారు. ఒళ్లు పాడుదేమీ కాదు. ఏ ఒళ్లయినా చేసే పనే అదీ చేసింది.

కాబట్టి పండగ మూడు రోజుల వల్ల చేతి నుంచి జారిపోయింది పెద్దగా ఏమీ లేదు. జారిపోయేది నాలుగో రోజు నుంచి.

డబ్బా అడుగున ఇంకా అరిసెలున్నాయి. పొద్దున తూకం చూసుకుని తిట్టుకున్న మనిషి పదకొండింటికి వంటింట్లోకి వెళ్తుంది. మూత సగం తీసి, నిలబడే ఒకటి తింటుంది. పళ్లెంలో పెట్టుకోదు, కూర్చోదు. కూర్చుంటే తిన్నట్టు లెక్క కదా. రుచి కూడా సరిగ్గా తెలియదు, ఎందుకంటే నమిలేటప్పుడు కూడా లోపల తిట్లు నడుస్తూనే ఉంటాయి. ఒకటి అయ్యాక మనసు అంటుంది: మునిగినవాడికి చలేమిటి? ఎలాగూ చెడింది, ఇంకో రెండు తిను, ఉగాది నుంచి మళ్లీ మొదలుపెడదాం. అలా మూడు రోజుల పండగ మూడు నెలలు సాగుతుంది. ఆ మూడు నెలల్లో చేరేది మాత్రం నీరు కాదు.

అమెరికాలో పీటర్ హెర్మన్, డెబొరా మాక్ అనే పరిశోధకులు ఈ సంగతిని 1975లోనే ప్రయోగం చేసి చూపించారు. రుచి పరీక్ష అని చెప్పి అమ్మాయిలను పిలిచారు. కొందరికి ముందుగా మిల్క్‌షేక్ తాగించారు, కొందరికి ఇవ్వలేదు. తర్వాత ఐస్‌క్రీమ్ ముందు పెట్టి ఎంత కావాలంటే అంత తినమన్నారు. డైటింగ్ ధ్యాస లేని అమ్మాయిలు మిల్క్‌షేక్ తాగినందుకు ఐస్‌క్రీమ్ తగ్గించుకున్నారు. కడుపులో ఉన్నప్పుడు ఎవరైనా చేసేది అదే. తిండి దగ్గర గట్టి కట్టుబాట్లు పెట్టుకున్నవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ ఇంకా ఎక్కువ తిన్నారు. కట్టుబాటు ఒకసారి తెగింది కాబట్టి ఇక ఆగడమెందుకు అన్నట్టు.

ఆ తెగిన చోట ఒక మంచి మాట పడితే ఏమవుతుంది? 2007లో క్లేర్ ఆడమ్స్, మార్క్ లియరీ అనే ఇద్దరు ఇది పరీక్షించారు. 84 మంది కాలేజీ అమ్మాయిలను తీసుకుని, కొందరికి డోనట్ తినిపించారు. తిన్నవాళ్లలో సగం మందితో పరీక్ష జరిపే మనిషి ఓ రెండు మాటలు మాట్లాడింది. ఇలాంటివి అందరూ తింటారు, దీనికోసం మిమ్మల్ని మీరు నిందించుకోకండి అన్న అర్థంలో. మిగతా సగానికి ఏమీ చెప్పలేదు. ఆ తర్వాత చాక్లెట్లు, మిఠాయిలు ముందు పెట్టారు. తిండి విషయంలో కట్టుదిట్టంగా ఉండే అమ్మాయిల్లో, ఆ మాటలు విన్నవాళ్లు తక్కువ తిన్నారు. విననివాళ్లు ఎక్కువ తిన్నారు. చిన్న ప్రయోగమే, ఒక్క పూటది. కానీ నా గదిలో నేను రోజూ చూసేదానితో సరిగ్గా సరిపోతుంది కనుక నాకు దాని మీద గురి.

నా గదిలో చూసేదేమిటంటే, తిట్టుకునేవాళ్లు ముందుగా దాక్కోవడం మొదలుపెడతారు. ఏం తిన్నానో రాసుకునే పుస్తకంలో శనివారం, ఆదివారం పేజీలు ఖాళీగా ఉంటాయి. తర్వాత పుస్తకం తేవడం మర్చిపోతారు. ఆ తర్వాత మనిషే రారు. ఫోన్ చేసి అడిగితే, 'కొంచెం తగ్గాక వస్తాను మేడమ్' అంటారు. జ్వరం తగ్గాక డాక్టరు దగ్గరికి వెళ్తాను అన్నట్టు ఉంటుంది ఆ మాట. నిజానికి వాళ్లు రావలసింది ఆ వారమే. సాయం కావలసింది అప్పుడే. నా ముందు తలెత్తుకోలేమన్న సిగ్గు వాళ్లను ఆపేస్తుంది. నేను కోప్పడతానని కూడా కాదు. వాళ్లను కోప్పడే మనిషి వాళ్ల లోపలే ఉంది.

ఈ సిగ్గుకు మూలం, ఇది నా ఒక్కదాని లోపమే అన్న భావన. కాదమ్మా. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో అధిక బరువు ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36 మంది, తెలంగాణలో 30 మంది. దేశం మొత్తం మీద 24 మంది. మగవాళ్లూ మన రెండు రాష్ట్రాల్లో నూటికి 30 పైనే. ఇంతమంది ఒక్కసారిగా నోటి మీద అదుపు కోల్పోయారంటే నేను నమ్మను. ఇంటి పని మారింది, ఆఫీసు పని మారింది, నడవాల్సిన దూరాలు బండి మీద పోతున్నాయి, రాత్రి పదకొండు గంటలకు ఫోన్‌లో నొక్కితే బిర్యానీ గుమ్మంలోకి వస్తోంది, నిద్ర తగ్గింది. ఇన్ని మారితే ఒళ్లు మారకుండా ఎలా ఉంటుంది?

అదుపు అన్న మాట వచ్చింది కాబట్టి, ఒక పాత సంగతి వివరంగా చెప్పాలి.

1944 నవంబరులో, రెండో ప్రపంచ యుద్ధం జరుగుతున్న రోజుల్లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది యువకులతో ఒక ప్రయోగం మొదలుపెట్టాడు. యుద్ధం తర్వాత ఆకలితో అలమటిస్తున్న జనానికి మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం ఉద్దేశం. ఆ యువకులు మామూలువాళ్లు కారు. మనిషిని చంపడం మా మనస్సాక్షికి విరుద్ధం అని చెప్పి యుద్ధానికి వెళ్లనన్నవాళ్లు. తోటి మనుషులకు మేలు జరుగుతుందంటే ఆకలికి సిద్ధమని తమంతట తాము ముందుకొచ్చారు. ఊరంతా వెలేసినా మాట మీద నిలబడిన మనుషులు. మనోబలం తక్కువని వాళ్లను ఎవరూ అనలేరు.

ఆరు నెలలపాటు, అంటే 24 వారాలు, వాళ్లకు రోజుకు సగటున 1,570 కేలరీల తిండి పెట్టారు. బంగాళాదుంపలు, ముల్లంగి జాతి దుంపలు, రొట్టె, మాకరోనీ వంటివి. వారానికి 22 మైళ్లు నడవాలి. బరువులో దాదాపు నాలుగో వంతు పోయింది. దాంతోపాటు మనుషులే మారిపోయారు. ఎప్పుడూ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు తెచ్చుకుని చదివారు. కొందరు పళ్లేలు నాకారు. ఉన్న కాస్త తిండిని గంటలకొద్దీ కూర్చుని తిన్నారు. చిరాకు, దిగులు, ఎప్పుడూ చలి. కొందరు పట్టు తప్పి దొంగచాటుగా తిన్నారు, తిని కుంగిపోయారు. ప్రయోగం ముగిసి తిండి మీద హద్దులు తీసేశాక, కడుపు పట్టనంత తిన్నా ఆకలి తీరలేదన్నారు. పోయిన బరువు తిరిగొచ్చింది. కొవ్వు మొదటికంటే ఎక్కువే చేరింది. ఈ వివరాలన్నీ కీస్ బృందం 1950లో రెండు సంపుటాల గ్రంథంగా వేసింది.

ఆలోచించండి. 1,570 కేలరీలతో ఆ మనుషులు అలా అయిపోయారు. మన ఫోన్లలో చేతులు మారుతూ తిరిగే డైట్ చార్టుల్లో 1,200 కేలరీలవి ఉన్నాయి, 800వి కూడా ఉన్నాయి. డాక్టరు కనిపెట్టి చూసుకునే చికిత్సలో భాగంగా అలాంటివి ఇవ్వడం వేరు. ఇంట్లో వంట చేసుకుంటూ, పిల్లలను చదివించుకుంటూ, ఉద్యోగానికి బస్సులో వెళ్లొస్తూ వాటిని పాటించబోయి పదో రోజుకు పట్టు తప్పితే, ఆ మనిషిలో లోపం వెతకడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఆకలి వెనక ఏముందో ఆ రోజుల్లో తెలియదు. 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టింది. ఒంట్లో కొవ్వు ఎంత ఉందో మెదడుకు కబురు చేర్చేది అదే. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, మెదడు దాన్ని కరువు వచ్చిందన్న కబురుగా తీసుకుని ఆకలి పెంచుతుంది, ఖర్చు తగ్గిస్తుంది. ఇది ఎంతకాలం ఉంటుందన్నది 2011లో మెల్‌బోర్న్ పరిశోధకులు చూశారు. 50 మందికి పది వారాలు బాగా తక్కువ తిండి ఇచ్చి బరువు తగ్గించారు. ఏడాది తర్వాత పరీక్ష చేస్తే ఆకలిని పెంచే హార్మోన్లు ఇంకా పెరిగే ఉన్నాయి, వాళ్లకు ఆకలి మొదటికంటే ఎక్కువగానే ఉంది. ఏడాది! మనమేమో పదిహేను రోజులకే మనసు నిలవలేదని మనల్ని శపించుకుంటాం.

ఈ మధ్య బరువు తగ్గించే ఇంజెక్షన్లు మన దేశానికీ వచ్చాయి కదా. వాటిలో సెమాగ్లుటైడ్ అనే మందు మీద జరిగిన పరిశీలనలో, మందు ఆపేసిన ఏడాదికి తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. మందు ఆకలిని అణచింది, మందు పోగానే ఆకలి వచ్చింది, ఆకలితోపాటు బరువూ వచ్చింది. అక్కడ ఎవరూ మనోబలం గురించి మాట్లాడరు. మందు లేకుండా తంటాలు పడే మనిషికి కూడా అదే న్యాయం వర్తించాలి.

ఇక మన ఇళ్ల సంగతికొస్తాను. మన దగ్గర తిండి అంటే ప్రేమ. 'ఇంకొక్కటి, నా మీద ఒట్టు' అని అత్తగారు వడ్డించే బొబ్బట్టులో నెయ్యి ఎంతుందో అభిమానమూ అంతే ఉంది. అదే అత్తగారు, అదే పెళ్లిలో, చేయి కడుక్కునే చోట 'ఏంటమ్మా ఇలా లావెక్కావు, కాస్త చూసుకోవాలి' అంటుంది. రెండూ ప్రేమతోనే అంటుంది. విన్న కోడలు మాత్రం రెండోదాన్నే ఇంటికి మోసుకెళ్తుంది. ఈ మాటలు అనకుండా చుట్టాలను ఆపడం మన చేతిలో లేదు. 'అవునత్తయ్యా, చూసుకుంటున్నాను' అని ఊరుకుని, రాత్రి దాన్నే పదిసార్లు మనసులో తిప్పుకోకుండా ఉండడం అలవాటు చేసుకోవచ్చు.

ఇంకొకటి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. అందరికీ వడ్డించి ఆఖరున తినే ఇల్లాలు. మూడు గంటల దాకా ఆమె పళ్లెం ముందు కూర్చోదు. అప్పటికి నకనకలాడే ఆకలి. చిన్నవాడు వదిలేసిన పప్పన్నం, గిన్నె అడుగున మిగిలిన వేపుడు, నిన్నటి పులిహోర, పారేయడానికి మనసొప్పక అన్నీ ఆమె కడుపులోకే. తనకోసం కూర ముక్కలు మిగిలాయా లేదా అని చూసుకోదు. సాయంత్రానికి 'నేను ఎక్కువ తింటున్నాను' అని తనను తాను తిట్టుకుంటుంది. తన మీద దయ చూపించుకోవడం అంటే నా దృష్టిలో ఆమెకు మొట్టమొదటి పని, ఒంటిగంటకు అందరితోపాటు పళ్లెం పెట్టుకుని కూర్చోవడం. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే పారేయండి. అన్నం పారేయకూడదన్న మన సంస్కారం గొప్పదే. దానికి రేపటి నుంచి గ్లాసెడు బియ్యం తక్కువ పోసుకోవడం దారి.

'ఇలా మెత్తగా ఉంటే మనసుకు అలుసైపోదా మేడమ్' అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. నేను ఒక అక్కాచెల్లెళ్ల ఫోన్ మాటలు చెప్తాను, వినండి. చెల్లెలు, 'అక్కా, మళ్లీ పెరిగానే' అంటుంది. అక్క, 'ఎంత?' అంటుంది. 'రెండు కిలోలు.' 'పోనీలే, పండగ కదా, నేనూ పెరిగాను. ఇవాళ సాయంత్రం నడవడానికి వెళ్తున్నావా?' అంతే. అక్క ఆ అంకెను దాచలేదు, ఎంత అని అడిగింది. ఇది నీ ఒక్కదానికే జరగలేదంది. ఆ తర్వాత ఒక పని చెప్పింది. ఇందులో అలుసు ఎక్కడుంది? తిట్టుకున్న మనిషి తిట్టడంతోనే పని అయిపోయిందనుకుని దుప్పటి కప్పుకుంటుంది. అక్క మాట విన్న మనిషి సాయంత్రం చెప్పులు వేసుకోవాలి. నాకైతే రెండోదే కష్టమైన దారి అనిపిస్తుంది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో క్రిస్టిన్ నెఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2003 నుంచి తన మీద తనకు ఉండవలసిన దయ గురించి రాస్తూ వచ్చారు. ఆవిడ చెప్పేదాంట్లోనూ ఇవే ఉన్నాయి: జరిగింది జరిగినట్టు చూడడం, ఇది మనుషులందరికీ జరిగేదని గుర్తుంచుకోవడం, మనతో మనం మంచిగా మాట్లాడడం.

మరి పండగ మర్నాడు చేయవలసిందేమిటి?

పస్తుండకండి. నిన్న తిన్నదానికి ఇవాళ శిక్షగా కడుపు మాడ్చుకుంటే సాయంత్రం ఐదింటికి జంతికల డబ్బా దగ్గర తేలతారు. పొద్దున ఎప్పుడూ తినే వేళకే తినండి. పెసరట్టో, రెండు ఇడ్లీలూ సాంబారో, జొన్నరొట్టే కూరో, మీ ఇంట్లో ఏది అలవాటైతే అది. మధ్యాహ్నం పళ్లెంలో కూరగాయలు పెంచి అన్నం కొంచెం తగ్గించండి, పప్పు లేదా గుడ్డు ఉండేలా చూసుకోండి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో కూడా పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలనే చెప్పింది. వారానికి అరకిలో తగ్గితే చాలనీ, అది క్షేమమనీ ఆ సంస్థే అంటుంది. నెలకు పది కిలోలు తగ్గిస్తామనే ప్రకటనల పక్కన ఈ అరకిలో వెలవెలబోతుంది కానీ, మోసపోయి ఏడ్చే పని ఉండదు.

మిగిలిన అరిసెలు పారేయమని నేను చెప్పను. నాలుగిళ్లకు పంచండి. ఒకటి తినాలనిపిస్తే పళ్లెంలో పెట్టుకుని, కూర్చుని, నువ్వుల రుచి తెలిసేలా తినండి. దాచుకుని తినవలసిన పనేముంది, అది మీ ఇంట్లో మీరు చేసిన పిండివంట. మిషన్ మీదకు మాత్రం వారంపాటు ఎక్కకండి.

వాకింగ్ నాలుగు రోజులు మానేస్తే అలవాటు పోయిందని కొందరు భయపడతారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మందిని గమనించి 2010లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక కొత్త పని ఆలోచించకుండానే జరిగిపోయే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. నాకు అందులో ఎక్కువ నచ్చిన సంగతి వేరు. మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు పడే క్రమం పెద్దగా దెబ్బతినలేదు. తప్పిన రోజు తర్వాతి రోజు చేశారా లేదా అన్నదే చూసుకోవాలి.

ఇంతా చేసి బరువు తగ్గకపోతే? లేదా తగ్గింది తిరిగొస్తే? అంతా వృథా అయినట్టేనా? కానే కాదని చెప్పడానికి దగ్గరలోనే, చెన్నైలోనే సాక్ష్యం ఉంది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం షుగర్ వచ్చే దశలో ఉన్న 531 మందిని మూడేళ్లపాటు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలు సలహాలతో వదిలేసినవాళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. రోజుకు అరగంట నడక, చక్కెర, తెల్ల పిండి, నూనె తగ్గించిన తిండి అలవాటు చేసినవాళ్లలో 39 మందికి వచ్చింది. వాళ్ల బరువు చెప్పుకోదగ్గంత తగ్గనేలేదు! మిషన్ మీద అంకె కదలకపోయినా లోపల రక్తంలో మేలు జరుగుతూనే ఉంది. అమెరికాలో మూడు వేల మందికి పైగా పాల్గొన్న ఇలాంటి పెద్ద అధ్యయనంలో మొదటి ఏడాది తగ్గిన ఏడు కిలోల్లో చాలా భాగం తర్వాతి ఏళ్లలో తిరిగి వచ్చింది. అయినా పదేళ్ల తర్వాత చూస్తే షుగర్ ముప్పు మిగతావాళ్లకంటే మూడో వంతు తక్కువే ఉంది. నిన్న మీరు నడిచిన అరగంటను ఇవాళ తిన్న అరిసె చెరిపేయలేదు.

కొందరికి ఇవన్నీ చేసినా బరువు పెరుగుతూనే ఉంటుంది. థైరాయిడ్ మందగించి ఉండొచ్చు, పీసీఓడీ ఉండొచ్చు, స్టెరాయిడ్ మాత్రలో, ఇన్సులినో, మనసుకు సంబంధించిన కొన్ని మందులో కారణం కావచ్చు. తిట్టుకుంటూ కూర్చోకుండా డాక్టరుకు చూపించుకోండి. మందుల చీటీ వెంట తీసుకెళ్లండి. మీ అంతట మీరు ఏ మందూ ఆపకండి.

చివరిగా అమ్మానాన్నలకు ఒక విన్నపం. అద్దం ముందు నిలబడి మీ పొట్టను మీరు తిట్టుకునేటప్పుడు గుమ్మం దగ్గర మీ పన్నెండేళ్ల అమ్మాయి ఉంటుంది. ఒంటి గురించి ఎలా మాట్లాడాలో ఆ పిల్ల నేర్చుకునేది మీ దగ్గరే. ఆ వయసులో ఒళ్లు ఎదుగుతుంది, బరువు పెరగడం సహజం. లంచ్‌బాక్స్ నిండుగా వెనక్కి వస్తుంటే, ఆకలి లేదని రోజూ రాత్రి భోజనం తప్పించుకుంటుంటే, చాటుగా చాలా తిని బాత్‌రూమ్‌లో చాలాసేపు ఉంటుంటే, తిన్నది కక్కేస్తోందని అనుమానం వస్తే, మందలించకండి. పక్కన కూర్చుని అడగండి. ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఎవరికి చూపించాలో తోచకపోతే టెలీ-మానస్ ఉంది, 14416. ప్రభుత్వం నడిపే ఉచిత మానసిక ఆరోగ్య సేవ, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. పిల్లలకే కాదు, తిండి గురించిన దిగులుతో నిద్రపట్టని పెద్దవాళ్లు కూడా చేయొచ్చు. నంబరు మళ్లీ చెప్తున్నాను, రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.